ప్లాట్లు కావు, మా దావతు

మా బావకు ఖాళీగా కూర్చోవడం కూడా ఒక పనే. మేడ్చల్‌లో ప్లాట్ల వ్యాపారం ఆయనది. రెండు వేల పన్నెండు దసరా సెలవుల్లో ఒక ఆదివారం, ఏ పనీ పెట్టుకోకుండా అందరం కలిసి గడుపుదామని మా అక్క అనగానే ఆయన నోటుబుక్కు తీశాడు.

"పదకొండు నుంచి పదకొండున్నర ముచ్చట్లు. రెండు నుంచి మూడు పండుకునుడు," అంటూ రాసుకున్నాడు.

"రెండింటికి నాకు నిద్ర రాకుంటె?" అంది అక్క.

"కండ్లు మూసుకొని పండు. సూసేటోళ్లకైన మంచిగుంటది."

శామీర్‌పేట రోడ్డు పక్కన బావకు కొంత ఖాళీ జాగా ఉంది. అక్కడే కలుద్దామనుకున్నాం. మచ్చ బొల్లారం నుంచి నేను, నాయిన, నాతోపాటు బడిలో పనిచేసే ఇద్దరు టీచర్లు ఆటోలో వెళ్లాం. ఆ రోజు ఎవరూ పొయ్యి ముట్టించకూడదని అక్క పట్టుబట్టడంతో బగారన్నం, చికెన్ కూర బయటి నుంచే తెప్పించారు.

ఆటో దిగాక ఆ జాగాను గుర్తుపట్టలేకపోయాం. రోడ్డు పొడవునా రంగురంగుల జెండాలు. షామియానా కింద వరుసగా కుర్చీలు, వాటి ముందు బల్ల, బల్ల మీద మైకు. బావ ప్లాట్లు వేసి అమ్మే వెంచర్లన్నింటికీ సామాను తెచ్చేది ఒకే టెంటు హౌసు అతను. బావ షామియానా ఒక్కటే చెప్పాడట. మిగతావన్నీ అతను అలవాటుకొద్దీ తెచ్చి పెట్టాడు.

"మంచిగనే ఉంది గదా," అన్నాడు బావ, జెండాల వంక ప్రేమగా చూస్తూ.

పావుగంటలో స్కూటర్ మీద ఒక జంట వచ్చింది. హెల్మెట్ తీస్తూనే ఆయన అడిగాడు.

"తూర్పు మొఖం ప్లాట్లు ఉన్నయా?"

"గిది వెంచర్ గాదన్నా. మా ఇంటోళ్లం కలుసుకున్నం, గంతే," అంది అక్క.

ఆయన భార్య కుర్చీలను, మమ్మల్ని మార్చి మార్చి చూసింది. "ముందుగాల సుట్టాలకు సూపెడ్తున్నరు. జర ఆగుదాం," అని భర్త చెవిలో చెప్పింది. ఇద్దరూ వెళ్లి మొదటి వరసలో కూర్చున్నారు.

ఆ తర్వాత ఒక కారు ఆగింది. దాని వెనక రెండు బైకులు. చూస్తుండగానే కుర్చీలన్నీ నిండిపోయి, మేమంతా ఎండలో గడ్డిలో నిలబడ్డాం. బావ మైకు అందుకుని, "జర వినుండ్రి, ఇక్కడ ప్లాట్లు లెవ్వు," అని ప్రకటించాడు. మైకు చప్పుడు విని రోడ్డు మీద పోతున్న బండ్లు మరో నాలుగు లోపలికి తిరిగాయి.

రిటైరైన పెద్దమనిషి ఒకాయన నాయినను పట్టుకున్నాడు. రోడ్డు ఎంత వెడల్పు పెడుతున్నారని ఆయన ప్రశ్న. నాయిన రెండుసార్లు తెలియదన్నాడు. మూడోసారి, ఆయన్ని వదిలించుకోవడానికి, "నలభై ఫీట్లు," అన్నాడు.

"మరి పార్కు?"

"గా జామతోట."

జామతోట పక్క రైతుది. ఆ మాట ఎవరు మోశారో గానీ, కాసేపటికి తోట ఆసామి, ముసలి ముస్లిం రైతు, కర్ర పట్టుకుని గట్టు దాటి వచ్చాడు.

"క్యా బేటా, నా తోట పార్కయిందంట? నాకు ఎవ్వరు జెప్పలే."

బావ ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు. "నీ తోట ఎవలు ముట్టరు చాచా. మేం దావతు చేసుకుంటున్నం. వీళ్లను పొమ్మంటె పోతలేరు."

"ఎట్ల పోతరు? లెవ్వంటె దాస్తున్నరు అనుకుంటరు," అంటూ చాచా మైకు దగ్గరికి నడిచాడు. గొంతు సవరించుకున్నాడు. "అన్నీ అమ్ముడువోయినయ్. ఖతమ్. ఒక్కటి గూడ లేదు."

కుర్చీల్లోంచి పెద్ద నిట్టూర్పు. పది నిమిషాల్లో షామియానా ఖాళీ అయింది. రిటైరైన పెద్దమనిషి మాత్రం వెళ్తూ వెళ్తూ, "మీరు ముందుగాలనే తీసుకున్నరు, అదృష్టం," అని నాయినకు చేయి కలిపిపోయాడు.

స్కూటర్ జంట కదల్లేదు. చాచాతోపాటు వాళ్లనూ అక్క భోజనానికి కూర్చోబెట్టింది. తింటూ స్కూటరాయన భార్య తమ సంగతి చెప్పింది. ఉండేది కుత్బుల్లాపూర్‌లో, భర్తకు ఫ్యాక్టరీలో పని.

"మేం కొనేటోళ్లం గాదక్కా. ఐతారం ఐతారం ఫ్యాక్టరీకి సెలవు గదా, గిట్ల ప్లాట్లు సూడనీకి పోతం. కుర్సీలుంటయ్, సల్లటి నీళ్లిస్తరు, కొన్ని తావుల బువ్వ గూడ పెడ్తరు. బస్సు గూడ వాళ్లదే. ఎవలు మనకు పని జెప్పరు. మాకు గదే పిక్నిక్."

బావ చేతిలో ముద్ద అలాగే ఆగిపోయింది. ఇన్నేళ్లుగా తన వెంచర్లకు వచ్చిన ముఖాలన్నీ ఆయన కళ్లముందు తిరుగుతున్నట్టున్నాయి. చాచా నవ్వి నవ్వి పొలమారి నీళ్లు తాగాడు.

మరుసటి ఆదివారం అక్క, నేను, నాయిన, టీచర్లిద్దరూ ఆ స్కూటరామె చెప్పిన చోట నిలబడి ఎవరిదో వెంచర్ బస్సెక్కాం. రానని మొండికేసిన బావ చివరి నిమిషంలో, తోటి వ్యాపారులెవరూ గుర్తుపట్టకుండా మంకీక్యాప్ పెట్టుకుని వచ్చి వెనక సీట్లో కూర్చున్నాడు. దారి పొడవునా కబుర్లే. అక్కడికి చేరాక నాయిన నీడలో కుర్చీ వేసుకుని గుర్రుపెట్టి నిద్రపోయాడు. టై కట్టుకున్న ఒకాయన వచ్చి ఎంత సైజు ప్లాటు చూస్తున్నారని అడిగాడు.

"ఇంక ఆలోచన చేస్తున్నం," అంది అక్క, చల్లటి నీళ్ల గ్లాసు అందుకుంటూ.