పెద్దక్షరాల్లో నా తెలుగు

మా అత్తయ్యకు ఈ-రీడర్ కొన్నది ఆమె కళ్ళ కోసమని ఇంట్లో అందరూ అనుకున్నారు. నేనూ అదే చెప్పాను. నిజానికి కొన్నది నా పరువు కోసం. నాకు తెలుగు చదవడం రాదు.

రాదంటే బొత్తిగా రాదని కాదు. బస్సు మీద బోర్డు, సినిమా పోస్టరు, కిరాణా కొట్టు పేరు చదువుతాను. అది చదవడం కూడా కాదు, ఆకారం చూసి గుర్తుపట్టడం. మా నాన్నది కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం. ఏ ఊరికి బదిలీ అయినా బళ్ళో మాకు హిందీ, సంస్కృతమే. ఇంట్లో మాత్రం అచ్చమైన కృష్ణా జిల్లా తెలుగు. అందుకని నేను మాట్లాడుతుంటే ఎవరికీ అనుమానం రాదు. ఒత్తులూ దీర్ఘాలూ ఎక్కడివక్కడ పలుకుతాయి. అదే తెలుగు కాగితం మీద కనబడితే ఒక్క వాక్యం దాటేసరికి నాకు చెమటలు పడతాయి.

పెళ్ళయి మియాపూర్‌లోని ఈ ఫ్లాటుకొచ్చాక నా మాటకు ఎక్కడలేని గౌరవం దక్కింది. మా ఆయన వాళ్ళది శేరిలింగంపల్లి, అక్కడింకా పొలాలున్న రోజుల నుంచీ. ఇంటికి ఎవరొచ్చినా అత్తయ్య నన్ను పిలిచి వాళ్ళతో మాట్లాడించేది. "మా కోడలు మాట్లాడితే పుస్తకం చదివినట్టే ఉంటది" అనేది. నేను పొంగిపోయేదాన్ని. పొంగిపోయి ఊరుకున్నానా? మా ఆయన "గిట్ల" అంటే "ఇలా అనొచ్చుగా" అని దిద్దేదాన్ని. అత్తయ్యా, ఆమె చెల్లెలు చిన్నత్తయ్యా ఏం మాట్లాడుకున్నారో వంటగదిలో నిలబడి ఫోన్లో మా అమ్మకు వాళ్ళ యాసలోనే చేసి చూపించేదాన్ని. ఇద్దరం పడీ పడీ నవ్వేవాళ్ళం. తలుపు వేసుకోవాలన్న ఆలోచన కూడా నాకు రాలేదు.

అత్తయ్యకు కంట్లో పొర ముదిరింది. ఆపరేషన్‌కి ఇంకా కొన్నాళ్ళు ఆగమన్నారు. ఆమె అసలే చదివే మనిషి. పేపరు, పంచాంగం, మందుల సీసా మీది కాగితం, ఏదీ వదలదు. అలాంటిది కంటికి ఏదీ ఆనక ఇల్లంతా కలియదిరిగేది. ఒక మధ్యాహ్నం నేను ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటే వచ్చి పక్కన కుర్చీ లాక్కుంది. పాతకాలం నవల ఒకటి పేరు చెప్పింది.

"వారపత్రికల వచ్చేది బిడ్డా. పెండ్లైనంక మళ్ళ పట్టుకున్నదే లేదు. ఆఖరుకు ఏమైతదో వినాల్నని మస్తు ఉంది. యాడన్న దొరుకుతె జర చదివి వినిపిస్తవా?"

"మీ అబ్బాయి చదువుతారు కదండీ" అన్నాను.

"వాడు చదువుతడా, సగం మింగుతడు. నీ నోట్లకెళ్ళి వస్తె మంచిగుంటది."

ఆఫీసు కాల్ ఉందని లేచి బాల్కనీలోకి వెళ్ళిపోయాను. ఆ రోజు కాల్ లేదు. ఆ తర్వాత ఎప్పుడడిగినా ఉండేది. నాకు చదవడం రాదండీ అని ఒక్క మాట అనేస్తే పోయేదానికి, ఆ మాట తప్ప మిగతావన్నీ చెప్పాను.

అదిగో, అప్పుడు తట్టింది ఈ-రీడర్, తెర మీద పుస్తకాలు చదువుకునే పరికరం. కొన్నింట్లో పుస్తకాన్ని అదే పైకి చదివి వినిపిస్తుందట. అత్తయ్యకు నవల వినబడుతుంది, నా గుట్టు నాకు మిగులుతుంది. మా ఆఫీసులో నా పనేమిటంటే, క్లయింటుకు ఏం కావాలో అడిగి తెలుసుకుని, దాన్ని కోడ్ రాసేవాళ్ళకు అర్థమయ్యేలా చెప్పడం. ఆ తెలివంతా ఇక్కడ ఒలకబోశాను. రకాలన్నీ పక్కపక్కన పెట్టి పోల్చాను. కళ్ళకు హాయిగా ఉండే తెర, పసుపు వెలుతురు, అక్షరాలు ఎంత పెద్దవవుతాయి, తీగ లేకుండా ఇయర్‌ఫోన్ పనిచేస్తుందా, ఏదీ వదల్లేదు. నీళ్ళలో పడినా పాడవనిదే ఏరి మరీ తీసుకున్నాను. మా అత్తయ్య పుస్తకం పట్టుకుని స్నానానికి వెళ్ళే మనిషేం కాదు. పైకి చదువుతుందా అన్నచోట చదువుతుందని ఉంది. ఏ భాషలో అని చూసుకోలేదు.

పెట్టె వచ్చింది. వైఫై కలిపి, ఆ నవల దొరికితే కొని దించాను. అత్తయ్యను సోఫాలో కూర్చోబెట్టి చెవులకు ఇయర్‌ఫోన్లు పెట్టి మీట నొక్కాను. ఆమె కాసేపు కళ్ళు మూసుకుని విని, తర్వాత తీసేసింది.

"ఎవరో ఆమె ఇంగ్లీషుల ఏదో చెప్పి ఊకున్నది బిడ్డా."

తెలుగు పుస్తకం తెరవగానే ఆ యంత్రం మూగబోతోంది. దానికీ నాలాగే తెలుగు చదవడం రాదన్నమాట. మా ఆయన నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. పోనీ అని అక్షరాలు ఎంత పెద్దవవుతాయో అంత పెద్దవి చేసి అత్తయ్య చేతికిచ్చాను. అంత పెద్దవీ ఆమెకు మసకగానే కనిపించాయి. చెయ్యి తగిలితే పేజీ ముందుకు పోయేది, సర్దబోతే ఎటో పోయేది. అయినా నన్ను నొప్పించకూడదని రోజూ కాసేపు ఒళ్ళో పెట్టుకు కూర్చునేది. ఆ కూర్చోవడం చూసినప్పుడల్లా నేను మొహం తిప్పుకునేదాన్ని.

ఆపరేషన్ అయింది. కొన్నాళ్ళు కంటికి శ్రమ పెట్టవద్దన్నారు. ఆదివారం సాయంత్రం చిన్నత్తయ్య, కింది ఫ్లాటు వాళ్ళావిడ చూడటానికొచ్చారు. అత్తయ్య నల్లద్దాలతో మంచం మీద ఆనుకుని కూర్చుంది. చాయ్‌లయ్యాక చిన్నత్తయ్య టీపాయ్ మీది ఈ-రీడర్‌ను ఎత్తి అటూ ఇటూ తిప్పింది.

"ఏందక్కా ఇది, పలక లెక్కుంది?"

"అండ్ల నవల ఉంది. కోడలు కొన్నది నా కోసమని. చదువు బిడ్డా, వీళ్ళు గూడ వింటరు" అంది అత్తయ్య.

కాల్ ఉందందామంటే ఆదివారం. మా ఆయన వైపు చూశాను. ఆయన నార్సింగిలో స్నేహితుడి గృహప్రవేశానికని చెప్పులేసుకుంటున్నాడు. చిన్నత్తయ్య దాన్ని తెచ్చి నా చేతిలో పెట్టి, నా పక్కనే కూర్చుంది. అప్పుడు గానీ తెలియలేదు నాకు నేనెంత గొయ్యి తవ్వుకున్నానో. మామూలు పుస్తకమైతే దాంట్లోకి తల దూర్చి ఏదో ఒకటి గొణగొచ్చు. ఇందులో పేజీకి నాలుగైదు వరసలు, అక్షరాలు ఒక్కొక్కటి రేగుపండంత. గుమ్మంలో నిలబడ్డవాళ్ళకు కూడా కనిపిస్తాయి.

చూశాను. "రైలు" దొరికింది. ఇంకొంచెం కిందికి "వాన" దొరికింది. మధ్యలో ఉన్నదంతా అడవి. గొంతు సవరించుకున్నాను.

కథ అల్లేశాను. వానలో రైలు ఆగింది, అందులోంచి ఒకమ్మాయి దిగింది, స్టేషన్లో పెళ్ళిచూపులవాళ్ళు గొడుగులతో ఎదురుచూస్తున్నారు. మధ్యమధ్య గుర్తుపెట్టుకుని పేజీ తిప్పాను. నా తెలుగు నున్నగా జారిపోతోంది. అత్తింటివారు, అపార్థాలు, పెళ్ళిపీటల మీద మూర్ఛ. కింది ఫ్లాటావిడ అయ్యో అనుకుంటూ వింది. చిన్నత్తయ్య మాత్రం నా మొహం చూడటం లేదు. తెర చూస్తోంది, నా నోరు చూస్తోంది, మళ్ళీ తెర చూస్తోంది. నా చెవులు కాలిపోతున్నాయి. ఆపితే దొరికిపోతాను, ఆపకపోతే ఇంకా దొరికిపోతాను. అయినా ఆపలేదు.

చిన్నత్తయ్య ఏదో అనబోయింది. అంతలోనే అత్తయ్య మాటందుకుంది.

"మంచిగ చదివింది గాదు? ఇగ చాలు బిడ్డా, నోరు నొస్తది నీకు. లోపల మురుకులున్నయ్, పట్టుకరా."

వాళ్ళు వెళ్ళిపోయేదాకా నేను వంటగదిలోంచి ఎక్కువగా బయటికి రాలేదు. తప్పించుకున్నాననే అనుకున్నాను. వాళ్ళను పంపి తలుపేసి, కంట్లో చుక్కలు వేయడానికి అత్తయ్య దగ్గరికి వెళ్ళాను. నల్లద్దాలు తీసి తల వెనక్కి వాల్చింది. చుక్క పడ్డాక కళ్ళు మూసుకుని అంది.

"గా కథల పెండ్లి లేదు బిడ్డా."

నా చేతిలో సీసా అలాగే ఉండిపోయింది.

"గా పిల్ల రైలు దిగింది నౌకరీ చేసుకుంటందుకు. టీచరమ్మ. టేషన్ల ఆమె కోసం ఎవ్వరు రాలే. వానల ఒక్కతే నడుసుకుంట పోతది. సగం నవల నాకు యాదికున్నది. తర్వాత నా పెండ్లైంది, పత్రిక దొరకలే. తెల్వంది ఆ మిగిలిన సగమే."

ఇంతకు ముందు ఎంతవరకు చదివారని ఆమెను ఒక్క ప్రశ్న అడగలేదు నేను. అడగడానికే నాకు ఆఫీసులో జీతమిస్తారు. అదీ సిగ్గే, కానీ చిన్న సిగ్గు. మొదటి ముక్కకే ఆమెకు తెలిసిపోయింది. తెలిసీ, చెల్లెలి ముందు, పరాయి మనిషి ముందు నా అబద్ధాన్ని చివరిదాకా వింది. మంచిగ చదివిందని చెప్పింది. ఒంటి మీద బట్ట జారిపోతుంటే ఎవరో పట్టుకుని కప్పినట్టయింది నాకు. కప్పింది ఆమె కావడమే ఓర్చుకోలేకపోయాను.

"నాకు తెలుగు చదవడం రాదు అత్తయ్యా" అన్నాను. "బళ్ళో నేర్పలేదు. అడిగినప్పుడే చెప్పాల్సింది. మీరందరూ నవ్వుతారేమోనని..."

అత్తయ్య చెంప మీదికి జారిన మందును చీర కొంగుతో ఒత్తుకుంది. తర్వాత మెల్లిగా, కోపమేమీ లేకుండా, నిజంగానే తెలుసుకుందామన్నట్టు అడిగింది.

"మేము మాట్లాడితే నువ్వు మీ అమ్మతోని చెప్పుకుంట నవ్వుతవు గద. మేము గూడ గట్లనే నవ్వుతమనుకున్నవా?"

ఏడుపొచ్చింది, కానీ ఏడిస్తే ఆమే నన్ను ఓదార్చాల్సి వస్తుంది. ఆ పని కూడా ఆమెకు పెట్టదలచుకోలేదు. హాల్లోకి వెళ్ళి ఈ-రీడర్ తెచ్చుకుని మంచం పక్కన నేల మీద కూర్చున్నాను. నవలలో మొదటి పేజీకి వెళ్ళాను. ఒక్కో అక్షరం కింద వేలు పెట్టి, ఒకటో తరగతి పిల్లలా కూడబలుక్కుంటూ పైకి చదివాను. నాలుగు వరసలు చదవడానికి ఎంతసేపు పట్టిందో తెలియదు. రెండుచోట్ల తప్పు చదివి, వెనక్కి వెళ్ళి మళ్ళీ చదివాను. ఆమె నవ్వలేదు.