బస్సు మోతను ఓడించిన హెడ్‌ఫోన్స్

ఆ రోజుల్లో నాకు పట్టుదల ఉన్నంతగా తెలివి ఉండేది కాదు. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో చర్ల దవాఖానాలో నర్సుగా చేరాను. భద్రాచలంలో పెదనాన్న ఇంట్లో ఉంటూ రోజూ బస్సులో వెళ్ళి వచ్చేదాన్ని. మా చర్చిలో పాటలు నేర్పేది పెదనాన్నే. ఆ క్రిస్మస్‌కు నా చేత ఒంటరిగా ఒక పాట పాడించాడు. రెండో చరణం దాటగానే ఎదురుగా ఉన్న జనాన్ని చూసి గొంతు పూడుకుపోయింది. (మైకులో నా గుటక మాత్రం చక్కగా వినిపించిందని పెద్దమ్మ తర్వాత చెప్పింది.) ఈస్టర్‌కు మళ్ళీ నేనే పాడతానని పంతం పట్టాను. ఈసారీ ఆగిపోతే ఇక జన్మలో మైకు ముట్టనని ఒట్టు కూడా పెట్టుకున్నాను.

పెదనాన్న హార్మోనియం వాయిస్తూ పాట పాడి క్యాసెట్టు చేసిచ్చాడు. సాధనకు నాకు దొరికే తీరిక బస్సులోనే. వాక్‌మన్‌తో వచ్చిన ఇయర్‌ఫోన్స్ ప్రతి గుంతకూ ఊడి ఒళ్ళో పడేవి. వేళ్ళతో నొక్కి పట్టుకున్నా ఇంజను మోతే తప్ప పెదనాన్న వినిపించేవాడు కాదు. ఒక సెలవు రోజున ఖమ్మం వెళ్ళాను. దుకాణంలో ఏది పెట్టుకున్నా బ్రహ్మాండంగానే ఉంది. ఫ్యాను కింద కూర్చుని వినడానికి కాదు, చర్ల బస్సులో వినడానికని చెప్పి, దుకాణం అతన్ని నాలుగు రకాల హెడ్‌ఫోన్స్‌తో సహా బస్టాండుకు నడిపించాను. ఇంజను ఆపకుండా నిలిపిన బస్సు పక్కన నిలబడి ఒక్కోటీ పెట్టి చూశాను. స్పాంజి ఉన్నవేవీ ఆ మోతను ఆపలేకపోయాయి. చివరికి చెవి మొత్తాన్ని కప్పేసే నల్లటివి, గిన్నెలంతవి, తగిలించుకుంటే పక్కన బస్సు ఉన్నట్టే లేదు. "మేడమ్, ఎండకాలం చెవులు ఉడుకుతయ్" అని అతను నిజాయితీగానే హెచ్చరించాడు. ఉడికితే ఉడకనీ అన్నాను.

ఉడికాయి. అయినా వదల్లేదు. కళ్ళు మూసుకుని, పెదవులు కదుపుతూ, మనసులోనే పాడుకునేదాన్ని. కళ్ళు తెరిస్తే బస్సంతా నావైపే చూస్తుండేది. (హెడ్‌ఫోన్స్ అంత బాగున్నాయి మరి, అనుకున్నాను.) పోలీసు క్యాంపు దగ్గర సంచులు చూడ్డానికి ఎక్కిన జవాను నా సీటు దగ్గరే చాలాసేపు నిలబడిపోయాడు. అనుమానం వచ్చిందేమోనని వాక్‌మన్ తీసి చూపించాను. తలూపి దిగిపోయాడు.

ఈస్టర్‌కు ముందు రోజు సగం దారిలో బ్యాటరీలు అయిపోయాయి. హెడ్‌ఫోన్స్ తీసి చెవులు తుడుచుకుంటుంటే, రోజూ అడవి పల్లె నుంచి చింతపండు బుట్టతో ఎక్కే అవ్వ వెనక సీట్లోంచి నా భుజం తట్టింది.

"ఆపినవేంది బిడ్డా? మూడో చరణం కాడ రోజూ నీకు ఊపిరి అందుతలేదు. ఇయ్యాలన్న అందుతదేమోనని చూస్తున్న."

నాకు వెంటనే అర్థం కాలేదు. కండక్టరు అర్థమయ్యేలా చెప్పాడు: "పదిహేను రోజుల సంది పాడుతనే ఉన్నవ్ సిస్టర్. డ్రైవరన్న నీ కోసమని బస్సుల టేపు బంద్ పెట్టిండు." అంత మోతనూ ఆపిన హెడ్‌ఫోన్స్ నా గొంతును నాకే వినపడనివ్వలేదన్నమాట. సిగ్గుతో ఆ అడవిలోనే దిగిపోదామనిపించింది. అవ్వ మాత్రం, రెండో చరణం అంత గట్టిగా ఎత్తుకోవద్దని, ఊపిరి కాస్త దాచుకోమని నెమ్మదిగా చెప్పింది.

మర్నాడు చర్చిలో మైకు ముందు నిలబడి జనాన్ని చూశాను. బస్సులో ఇంతమంది ముందు రోజూ పాడుతూనే ఉన్నానని గుర్తొచ్చి గొంతెత్తాను. రెండో చరణం తగ్గించి పాడాను. మూడోదానికి ఊపిరి అందింది. పాట అయిపోయాక పెదనాన్న హార్మోనియం మూయడం కూడా మరిచి నావైపే చూస్తూ కూర్చున్నాడు.

సోమవారం బస్సెక్కగానే అవ్వ, "పాడినవా?" అని అడిగింది.

"పాడిన అవ్వా. ఊపిరి అందింది."

"మరి మేం వినద్దా?"

నోరు తెరిచాను. అందరూ నావైపే చూస్తున్నారు. గొంతు మళ్ళీ పూడుకుపోయింది. ఇంకేం చెయ్యాలో తోచక హెడ్‌ఫోన్స్ తగిలించుకుని, క్యాసెట్టు పెట్టకుండానే, ఏమీ ఎరగనట్టు కళ్ళు మూసుకుని మొదటి నుంచీ చివరిదాకా పాడాను. కళ్ళు తెరిచేసరికి బస్సులో ఉన్నవాళ్ళంతా, ఏమీ విననట్టు, కిటికీల్లోంచి బయటికి చూస్తున్నారు. అప్పటి నన్ను తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. అంత మర్యాదగా వినేవాళ్ళు నాకు మళ్ళీ దొరకలేదు.