పూజ దొంతరలో పై పుస్తకం

దయ్యాలంటే నాకు భయమూ లేదు, భక్తీ లేదు. ఆస్పత్రిలో ఇన్నేళ్ళు ఉద్యోగం చేసి ఒక్క దయ్యాన్నీ చూడలేదా అని చుట్టాలు అడిగితే, "మా లైబ్రరీకి డాక్టర్లే రారు, దయ్యాలొస్తాయా?" అని కసిరేదాన్ని. ఇప్పటికీ ఇది దయ్యం కథ అనను. జరిగింది జరిగినట్టు చెబుతాను.

పుదుచ్చేరిలో ఒక పాత ఆస్పత్రిలో లైబ్రేరియన్ని నేను. ఫ్రెంచివాళ్ళ కాలంలో మా లైబ్రరీ అంటే డ్యూటీ గదిలో మూలనున్న ఒక బీరువా, అంతే. బదిలీ మీద ఊరొదిలే డాక్టరు తన పుస్తకం ఒకటి అందులో పెట్టి పోయేవాడట. అట్లా బీరువా గదయింది, గది హాలయింది. నేను చేరిన కొత్తలో కొత్త బిల్డింగుకి మారాం. ఫ్రెంచి చదివేవాళ్ళు ఇంకెవరున్నారని ఆ పాత పుస్తకాలన్నీ లారీకెత్తించేశారు. మూటలు దగ్గరుండి కట్టించింది నేనే కాబట్టి ఒక్కటీ మిగల్లేదని గట్టిగా చెప్పగలను.

పోయిన సంవత్సరం ఆయుధపూజ ముందు మా చెల్లెలు వసంత మా ఆస్పత్రిలోనే చేరింది. కడుపునొప్పి. మామూలు నొప్పి కాదు, మంచం పట్టుకుని మెలికలు తిరిగిపోయేది. స్కానింగులో ఏమీ లేదు, రక్తపరీక్షల్లో ఏమీ లేదు. తర్వాత కాళ్ళలో సత్తువ పోయింది. పక్క మంచం ఆవిడ "అన్నీ నాటకాలు" అని గొణిగితే నేను ఆమెతో పెట్టుకున్న పోట్లాట వార్డంతా విన్నది. ఇక ఆగితే లాభం లేదని, విజయదశమినాడే పొట్ట కోసి చూద్దామన్నారు పెద్ద డాక్టర్లు. అంత నీరసపడిన మనిషి తట్టుకుంటుందో లేదో వాళ్ళూ చెప్పలేకపోయారు.

"అక్కా, నాకేంది అయింది? అన్ని పుస్తకాల మధ్యన ఉంటావు గదా, యాడన్నా రాసుండదా?" అని అడిగింది వసంత. నాకు ఏడుపాగలేదు. పుస్తకాలు సర్దడం తెలుసుగానీ వైద్యం తెలుసా నాకు?

ఆయుధపూజకి మా లైబ్రరీలో ఒక పద్ధతుంది. బీరువాకొక పుస్తకం తీసి, సరస్వతి పటం ముందు దొంతరగా పేర్చి, పై పుస్తకానికి గంధం, కుంకుమ పెడతాం. ఆ రోజు ఎవరూ పుస్తకం తెరవకూడదు. మర్నాడు విజయదశమికి హారతిచ్చి, దొంతర కదిపి, వచ్చినవాళ్ళు తలా కాస్త చదవాలి. నీలం అట్ట ఉన్న పిల్లల వైద్యం పుస్తకాన్ని నా చేత్తోనే పైన పెట్టాను. బొట్టూ నేనే పెట్టాను. తాళం వేసి, తాళంచెవి కొంగున ముడేసుకుని వసంత దగ్గరికి పోయాను. ఆ తాళానికి ఇంకో చెవి లేదు.

మర్నాడు పొద్దున తలుపు తీస్తే, దొంతర పైన గోధుమరంగు తోలు అట్ట పుస్తకం. దాని మీద ఆరిపోయిన గంధం, కుంకుమ. నీలం పుస్తకం దాని కింద ఉంది, బొట్టు లేకుండా. నాకు చిర్రెత్తుకొచ్చి అటెండరు మీద కేకలేశాను. అతనికేం తెలుసు పాపం, నాతోపాటే లోపలికొచ్చాడు.

అంతలో డాక్టర్ భువన వచ్చింది. వసంతను చూసుకునే చిన్న డాక్టరు, మా ఊళ్ళోనే మురుంగపాక్కం పేట పిల్ల, ఇంట్లో మా మాదిరే తెలుగు మాట్లాడతారు. ఆపరేషన్‌కి ముందు దండం పెట్టుకోవడానికి వచ్చింది. హారతయ్యాక ఆ పై పుస్తకమే తీసింది.

"ఇది ఫ్రెంచి ఆంటీ! ఇస్కూల్లో మార్కుల కోసం ఫ్రెంచే తీసుకున్నా. చూద్దాం, ఏమన్నా మిగిలిందేమో" అని నవ్వుతూ, తెరుచుకున్న చోట కూడబలుక్కుని చదివి అర్థం చెప్పసాగింది. కడుపులో భరించలేని నొప్పి, ఎంత వెతికినా కారణం దొరకదు. కాళ్ళు చచ్చుబడతాయి. మూత్రాన్ని ఎండలో ఉంచితే వైన్ రంగుకి తిరుగుతుంది.

అక్కడ భువన నవ్వు ఆగిపోయింది. "ఆంటీ, ఇది వసంతక్కే!" అని పుస్తకం నా చేతిలో పడేసి పరుగెత్తింది.

వసంత మూత్రం పట్టించి, వార్డు కిటికీలో ఎండ పడేచోట ఆ సీసా పెట్టింది. నేను దేవుళ్ళందరికీ మొక్కుతూ దాన్నే చూస్తూ నిలబడ్డాను. స్ట్రెచర్ వచ్చేసరికి సీసాలో రంగు మారిపోయింది. పెద్ద డాక్టరు దాన్ని ఎత్తి చూసి ఆపరేషన్ ఆపించేశాడు. తర్వాత ల్యాబు పరీక్షలోనూ పోర్ఫిరియా అనే అరుదైన జబ్బని తేలింది. సరిపడని మందులు మాన్పించి, గ్లూకోజ్ ఎక్కించారు. నొప్పి తగ్గింది. కాళ్ళకి సత్తువ రావడానికి మాత్రం చాలా రోజులు పట్టింది.

ఆ పుస్తకం లోపలి పేజీలో మా ఆస్పత్రి ఫ్రెంచి కాలపు ముద్ర ఉంది. అంటే లారీలో పోయినవాటిలోదే. ఎట్లా తిరిగొచ్చింది? ఎవరు పెట్టారు ఆ బొట్టు? ఎవరినీ వదలకుండా అడిగాను. బీరువా సందులో ఇరుక్కుని ఉండిపోయిందేమో అందామన్నా, ఇక్కడున్నవన్నీ కొత్త బీరువాలే. ఆలోచించి ఆలోచించి నా బుర్ర వేడెక్కడమే గానీ ఏమీ తేలలేదు.

మొన్న వసంత తనంతట తానే మెట్లెక్కి లైబ్రరీకొచ్చింది. నా గోడంతా విని, "యాడ నుంచి వస్తే ఏందిలేక్కా, వచ్చింది గదా!" అంది.

నాకు ఇప్పటికీ జవాబు దొరకలేదు. చెల్లెలు దొరికింది.