సెంట్రింగ్ చెక్కతోని రెండు పీటలు

నోరు మంచిదైతే ఊరు మంచిదైతదంటరు. నా నోరు మంచిది గాదని మా ఎల్లారెడ్డి దిక్కున అందరికీ ఎరుకే. గల్ఫుల తొమ్మిదేండ్లు ఉండొచ్చినా అది సక్కగ కాలే. కాకుంటె ఏమాయె? నోరు మంచిదే అయ్యుంటె ఆ రెండు పీటలు అక్కడనే చాయ గిన్నె కింద కాలిపోతుండె.

నేనూ నా దోస్తూ ఒక్కరోజే పోయినం, ఒక్కరోజే వాపస్ వచ్చినం. ఇద్దరిదీ ఎల్లారెడ్డి పక్కన ఒక్కటే ఊరు, ఒక్కటే బడి. వాండ్లది వడ్రంగం చేసే వడ్లోళ్ల ఇల్లు. వాని బాపు నాగండ్లు, గొర్రులు, ఎడ్లబండ్లు చేసెటోడు. ట్రాక్టర్లొచ్చినంక బాడిశ మూలకు పడ్డది, వీడు విమానం ఎక్కిండు. అక్కడ వానిది సెంట్రింగ్ పని, నాది రాడ్డు కట్టే పని. నేను కట్టిన రాడ్డు కాంక్రీట్ల మునిగి ఎవలకూ కనబడదు. కనబడకున్నా బిల్డింగు ఉన్నన్ని దినాలు లోపట ఉంటది. వాడు కొలిచి, కోసి, సాపు చేసి నిలబెట్టిన చెక్కలు మాత్రం కాంక్రీటు గట్టిపడేదాంకనే. అటెంక గడ్డపారలు పట్టుకొని ఊడగొడతరు. తొమ్మిదేండ్లు వాడు కట్టుడు, ఇంకోడు ఊడగొట్టుడు.

"అరేయ్, నేను చేసింది ఒక్కటన్న నిలిచిందారా?" అని ఒకనాడు అన్నం తినుకుంట అడిగిండు.

నేను నవ్విన. ఆ నవ్వుడు తప్పని తర్వాత తెలిసింది.

ఇగ చాలు, ఇంటికే పోదామని ఇద్దరం అనుకున్న యాడాదే వాని బిడ్డ పెండ్లి కుదిరింది. పిల్ల కామారెడ్డిల ఒక దవాఖానల నర్సు. తను మెచ్చిన పిలగాడే, రెండిండ్లల్ల ఎవలకూ కిరికిరి లేదు. ఫంక్షన్‌హాలు, వంటలు, అన్నీ వాని పెద్ద బామ్మర్ది మీదేసుకున్నడు. "బావా, నువ్వు వచ్చి కన్యాదానం చేస్తె చాలు, ఇంకేం ఫికర్ వెట్టుకోకు" అని ఫోన్ల చెప్పిండు. ఆ మాటకు ఎవలైనా ఖుషీ కావాలె. నా దోస్తు రెండు దినాలు అన్నం సరిగ తినలే.

మూడోనాడు సైటు నుంచి నాలుగు చెక్క ముక్కలు సంకల పెట్టుకొని వచ్చిండు. ఊడగొట్టంగ మిగిలిన ముక్కలు, సిమెంటు పట్టి రాళ్ల లెక్క ఉన్నయి. ఏందిరా అంటె, "పీటలు. బిడ్డకొకటి, అల్లునికొకటి" అన్నడు. మా దిక్కు పెండ్లి పీటలు ఎనకట వడ్లాయన ఇంటినుంచే పోతుండె. ఊర్ల ఎందరు ఆలుమొగలు వాని బాపు చేసిన పీటల మీద కూసున్నరో లెక్కలేదు. "మా బాపు ఊరందరికి చేసిండు. నా బిడ్డకు నేను చెయ్యొద్దా?" అన్నడు. డ్యూటీ అయినంక దినాం కూసునేది, గీకేది, రంద పట్టి నున్నగ చేసేది. రెండు నెలలు పట్టింది. ఒక్క మేకు కొట్టలే. చెక్కల చెక్క తొలిచి కూర్చిండు. చేతితోని రాస్తె ఎక్కడ అతుకు ఉన్నదో నాకు దొరకలే. నాకు గర్వమైంది. చేసింది వాడు, గర్వం నాకు!

మా క్యాంపుల ఒక రివాజు ఉన్నది. ఇంటికి పోయేటోనికి ప్రతోడు ఒక ముల్లె ఇస్తడు. వద్దనొద్దు. నేను గూడ తొమ్మిదేండ్లు గట్లనే పంపిన. పోయే మూడు దినాల ముందు మొదలైంది. తాడ్వాయి అన్న పాలపొడి డబ్బాలు తెచ్చిండు. లింగంపేట అన్న సెంటుసీసాలు, పిల్లలకు బొమ్మలు తెచ్చిండు. పోచారం దిక్కు ఒకాయనైతే ప్రెషర్ కుక్కర్ పట్టుకొని వచ్చిండు.

"ఓ అన్నా, కామారెడ్డిల కుక్కర్లు దొరుకుతలేవా?" అన్న నేను.

"దొరుకుతయి గాని, ఇది నేను పంపిన కుక్కరు" అన్నడాయన.

నా దోస్తుకు వద్దు అనే మాట నోటికి రాదు. పుట్టినకాడికెల్లి రాదు. అన్నీ తీసుకున్నడు. వాని రెండు అట్టడబ్బాలు నిండినయి, విమానంల ఇచ్చే తూకం సరిపోయింది, పీటలు మంచం మీద మిగిలినయి. వాడు వాటి దిక్కు చూసిండు, నా దిక్కు చూసిండు. "ఇడిసిపెడుత తీ" అన్నడు. ఇడిసిపెడుతడట! కూరగాయల సంచి మర్చిపోయినట్టే చెప్పిండు.

వాని డబ్బా తాడు కోసి, ముల్లెలన్నీ రూము నడుమ గుమ్మరించిన. "ఎవలయి వాండ్లు తీస్కపోండ్రి! రెండు నెలలు చేతులు బొబ్బలెక్కంగ చేసింది ఈడ ఉండాలె, మీ కుక్కర్లు విమానం ఎక్కాల్నా?" అని మొత్తుకున్న. రూముల పెద్ద లొల్లి. తాడ్వాయి అన్న ముందటికొచ్చిండు. "పోయిన యాడాది నువ్వు నీ కొడుక్కు పంపిన బూట్లు నేను మోసుకపోలేదా? అప్పుడు నీకు బరువు గుర్తుకు రాలేదా?" అన్నడు.

ఉన్నమాటంటె ఉలుకెక్కువ. అందుకే ఇంకింత గట్టిగ మొత్తుకున్న.

మేం గిట్ల కొట్లాడుతుంటె నా దోస్తు కింద కూసోని, ఒక్కొక్క ముల్లె ఏరి మల్ల డబ్బాల సదిరిండు. పాలపొడి, సెంటు, బొమ్మలు, కుక్కరు. తాడు కట్టిండు. "వాండ్ల ఇంట్లోళ్లు ఎదురుచూస్తుంటరు రా" అన్నడు. దున్నపోతు మీద వాన పడ్డట్టే! అంతసేపు నేను ఎవల కోసం గొంతు చించుకున్న?

ఇగ చేసేదేమున్నది, నా డబ్బా ఇప్పిన. మా ఇంటామె నాలుగేండ్ల సంది అడుగుతున్న పువ్వుల కంబళ్లు రెండు బయటికి తీసిన. ఒకటి తాడ్వాయి అన్న మంచం మీదికి ఇసిరిన, ఒకటి కుక్కరాయన మీదికి ఇసిరిన. ఆ జాగల పీటలు పెట్టిన. ఎవలేమంటరో అనుండ్రి అన్న.

బయలెల్లే పొద్దు ఇంకో కత. నా డబ్బాల చెక్క ఉన్నదని ఎవలో చెప్పిండ్రట, గేటు కాడ సూపర్‌వైజరు ఆపిండు. చెక్క కంపెనీది, బయటికి పోదన్నడు. ఆ ముక్కలనే దినాం డ్రమ్ముల ఏసి కాలబెట్టి చాయ కాస్తరు, ఆయన గూడ తాగుతడు. "కాలబెడితె కంపెనీది గాదు, పీట చేస్తె కంపెనీదైందా?" అని అడిగిన. నా ఉర్దూ మా నిజామాబాదు దిక్కు ఉర్దూ, మంచిమాట చెప్పినా అక్కడోళ్లకు తిట్టినట్టే ఇనబడతది. ఆ పొద్దు నిజంగనే తిట్టిన. తిట్టి, గేటు నడుమ డబ్బా మీద కూసున్న. ఇది పోకుంటె నేను పోను అన్న. ఎనక వ్యాను హారన్ మోగుతుంది, ఎయిర్‌పోర్టుకు పోయే ఇంకో నలుగురు నన్ను తిడుతున్నరు. ఆఖరికి సూపర్‌వైజరే చెయ్యి ఊపిండు, పో పొమ్మని.

అయిపోయిందనుకున్న. ఎయిర్‌పోర్టుల మిషన్ల నుంచి డబ్బా బయటికొచ్చింది గాని మమ్ముల పక్కకు పిలిచిండ్రు. ఇప్పుమన్నరు. ఇప్పిన. రెండు పీటలకూ నాలుగు మూలల పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టున్నయి! నాకు తెల్వకుంట ఎప్పుడో వంటకాడి పసుపు డబ్బా తెచ్చి పూసిండు.

"ఎందుకు పూసినవురా!" అన్న పండ్లు కొరుక్కుంట.

"పసుపు పెట్టకుంట పీట గడప దాటియ్యొద్దు రా. మా బాపు ఎన్నడు దాటియ్యలే" అన్నడు వాడు. ఎయిర్‌పోర్టుల పసుప్పచ్చ పొడి, ఎర్ర పొడి చూస్తె వాండ్లు ఏమనుకుంటరో అనే సోయి లేదు. గడప దాటియ్యొద్దు, అంతే.

ఇద్దరు ఆఫీసర్లు చేతులకు తొడుగులేసుకొని వచ్చిండ్రు. ఒకాయన బట్టతోని పసుపు తుడిచి, ఆ బట్టను ఇంకో మిషన్ల పెట్టిండు. ఇంకొకాయన పీటను తిరగేసి వేలితోని కొట్టి చూసిండు, లోపట బోలు ఉన్నదా అని. షాదీ, షాదీ అని నేను మొత్తుకుంటున్న. ఆయన ఇంటలేడు. అతుకు కాడ గోరు పెట్టి చూసి, "మేకులేవి?" అని అడిగిండు. నా దోస్తు రెండు చేతులు ముందటికి చాపి చూపెట్టిండు. మిషను ఏం చెప్పిందో ఏమో, తీస్కపొమ్మన్నరు. మేం ఉరికి ఉరికి విమానమెక్కినం. వాడు మాత్రం కిటికీ దిక్కు మొఖం తిప్పుకొని, "ఒకదానికి పసుపు తుడిచిండ్రు రా" అన్నడు. దిగేదాంక అదే బాధ.

పొద్దుగాల హైదరాబాదుల దిగినం. బామ్మర్ది కారు పంపిండు, సీదా కామారెడ్డికి, ఫంక్షన్‌హాలుకే. పెండ్లి తెల్లారినాడే. తోవల నేను కారు ఆపిపిచ్చి ఒక కిరాణా దుకాన్ల పసుపు పొట్లం కొన్న. కార్లనే ఒళ్లె పెట్టుకొని వాడు ఆ పీటకు మల్ల పూసిండు. అప్పుడు వాని మొఖం జర తేటయింది.

హాల్ల అడుగుపెట్టంగనే అందరు ఉరికొచ్చిండ్రు. వాని భార్య ఏడ్చింది. బిడ్డ దవాఖాన నుంచి సీదా వచ్చినట్టున్నది, మెడల కార్డు గూడ తీయలే. బాపు చెయ్యి పట్టుకొని ఇడుస్తలేదు. మా ఇంటామె గూడ వచ్చింది. నా డబ్బా దిక్కే చూస్తుంది. కంబళ్ల ముచ్చట అప్పుడే ఎందుకని నేను స్టేజి దిక్కు చూసిన.

స్టేజి మీద ఒక సోఫా ఉన్నది. ఎర్రది, బంగారు రంగు చేతులది, రాజుగారి సింహాసనం లెక్కున్నది. బామ్మర్ది దాని మీద చెయ్యేసి మురుసుకుంట చూపెడుతున్నడు. అటెంక ఆయన కన్ను పీటల మీద పడ్డది. చేతికి తీసుకొని, అటూ ఇటూ తిప్పిండు. "మంచిగనే చేసినవు బావా. గాని ఇప్పుడు గివి ఎవలు ఏస్తున్నరు? ఫోటోలల్ల అడ్డమైతయి. ఇంటికాడ ఉంచుండ్రి, పనికొస్తయి" అన్నడు.

నేను నోరు తెరిచిన. తొమ్మిదేండ్ల ఆవేశం, గేటు కాడిది, ఎయిర్‌పోర్టు కాడిది, రెండు కంబళ్లది, అంత నాలిక మీదికొచ్చింది.

నా భుజం మీద చెయ్యి పడ్డది. "నువ్వు ఆగు" అన్నడు నా దోస్తు.

బామ్మర్ది చేతులకెల్లి పీటలు తీసుకున్నడు. మెట్లెక్కి పోయి సోఫా ముందట రెండూ పక్కపక్కన పెట్టిండు. "వద్దు బావా. సోఫా వద్దు" అన్నడు. గట్టిగ అనలే. గాని ఆ వద్దు అనే మాట వాని నోట ఇనుడు నా బతుకుల అదే మొదలు. మా బడికాడి సంది ఇనలే.

"అయ్యో, డెకరేషనోళ్లు పొద్దున్నే పెట్టిపోయిండ్రు, మనం ఎట్ల జరుపుతం?" అన్నడు బామ్మర్ది.

దోస్తు బిడ్డ దిక్కు తిరిగిండు. "రా బిడ్డా, కూసో" అన్నడు.

"పెండ్లి కాకముందే పీట మీదనా? మంచిది గాదు" అని ఎనకనుంచి ఎవలో ముసలామె అన్నది. పిల్ల చెప్పులిడిసి మెట్లెక్కింది. పీట మీద కాళ్లు మడిచి సక్లముక్లం కూసున్నది, దవాఖాన డ్రెస్సుకు పసుపు అంటినా చూసుకోలే. కుడిదిక్కు ఒరిగింది, ఎడమదిక్కు ఒరిగింది, రెండు చేతులు ఆనించి గట్టిగ ఊపి చూసింది.

"కదులుతలేదు బాపు" అన్నది.

"కదలదు బిడ్డా" అన్నడు వాడు. "గిది ఊడగొట్టేది గాదు."

నేను పోయి సోఫాకు ఒకదిక్కు పట్టిన. రెండోదిక్కు పట్టు అని బామ్మర్దిని పిలిచిన.