హవల్దారు గొంతుకు అడ్డంపడ్డ ముక్క

మే మొదటి వారం. పగలు పదకొండున్నరకు మా రిజర్వు పోలీసుల ట్రక్కు రాజురా దాటి ఒక సరిహద్దు ఊళ్లో ఆగింది. అవతల కొత్త రాష్ట్రం ఏర్పడుతున్న రోజులు. ఆ ఊరు ఎటువైపుదో ఊరివాళ్లకే తెలియదు. ఒక్కో ఇంట్లో రెండు రాష్ట్రాల రేషన్ కార్డులు. వాగు ఒడ్డు భూమిని ఇద్దరు సర్వేయర్లు కొలిచి, చెరో చోట హద్దురాళ్లు పాతిపోయారు. ముందురోజు ఆ రాళ్ల దగ్గర అన్నదమ్ములు గొడ్డళ్లతో నరుక్కున్నారు. తమ్ముడు అక్కడే చనిపోయాడు. నల్లరేగడి మీద ఆ నెత్తుటి మరక ఇంకా ఉంది.

మేం ఎనిమిది మందిమి. మనిషికో హెల్మెట్, షీల్డు, లాఠీ, రెండు లీటర్ల నీళ్లు. నా భుజాన అదనంగా ప్రథమ చికిత్స సంచి. మాలో ఆ శిక్షణ పొందింది నేనొక్కదాన్నే. సెలవులకు మూసిన బడిగది మా పోస్టు. కిటికీలకు ఇసుక బస్తాలు పేర్చాం. పైన రేకులు. బయటి ఎండే నయం.

మా హవల్దారుది విసాపూర్. నాది బామ్ని. డైరీ రాస్తానని నన్ను "ఏయ్ పుస్తకం" అని పిలిచేవాడు. నేను తల వంచుకునేదాన్ని. ఆయనతో పూర్తి వాక్యం మాట్లాడింది లేదు.

మూడోరోజు ఒంటిగంటకు రాళ్లు మొదలయ్యాయి. మొదట అన్నవైపు, తమ్ముడివైపు రెండు వర్గాలవాళ్లు ఒకరినొకరు కొట్టుకున్నారు. తర్వాత అందరూ మా మీదికి తిరిగారు. మా జవాను ఒకతని కనుబొమ చీలింది. కట్టు కట్టాను. రెండింటికి కాస్త ఆగింది. పక్కింటి అవ్వ వెనక తలుపు నుంచి జొన్నరొట్టెలు, కోడికూర తెచ్చింది.

"పది నిమిషాల్ల తినుర్రి," అన్నాడు హవల్దారు. ఆయన నిలబడే తిన్నాడు.

రెండు పదికి రేడియో పలికింది. "కంపెనీ నుంచి పోస్టుకు. గుంపు మళ్ల కదిలింది. ఎంతమంది ఉన్నరు?"

రేడియో ఆపరేటరు, ఆమె నాకన్నా ఏడాది సీనియర్, రిసీవరు ఆయనకు అందించింది. నోటినిండా ముద్దతో మాట్లాడబోయాడు. మాట రాలేదు.

"వదిన యాది చేస్తుంది సార్," అందామె. "డ్యూటీల ఉన్న అని చెప్పుర్రి!"

అందరం నవ్వాం. నేనూ నవ్వాను.

పొలమారితే ఎవరో తలుచుకుంటున్నారని మన నమ్మకం. నెత్తి మీద తట్టి పేర్లు చెబుతారు. సరైన పేరు వస్తే తగ్గుతుందంటారు. అవ్వ ఆయన తలను దగ్గరికి తీసుకుని తట్టసాగింది. "ఎవరు బిడ్డా యాది చేస్తున్నది? అమ్మనా? అక్కనా?"

పొలమారినవాడు దగ్గుతాడు. ఈయన దగ్గడం లేదు. చప్పుడే లేదు. రెండు చేతులూ గొంతు మీద ఉన్నాయి. పెదాలు నీలమవుతున్నాయి. ఎవరో నీళ్ల సీసా నోటికి పెట్టబోయారు.

"నీళ్లొద్దు!" అని అరిచాను. అంత గట్టిగా నేనెప్పుడూ అరవలేదు.

అరిచి, నిలబడిపోయాను. ఆయన మగమనిషి, నా పై అధికారి. శిక్షణలో నేను పట్టుకున్నది రబ్బరు బొమ్మను. అయిదు ఊపిర్లు పీల్చేంతసేపు అట్లాగే ఉన్నాను. ఆయన ఒక్కటీ పీల్చలేదు.

"ఇడువు అవ్వా!" అన్నాను.

విడవలేదు. "నాన్ననా బిడ్డా?" అంటూ తడుతూనే ఉంది. చేతికి ఇంకా ఉన్న షీల్డుతో తోసి, దాన్ని కింద పడేశాను. ఆమె ముఖం గడపకు కొట్టుకుంది.

హవల్దారును ముందుకు వంచాను. రెండు భుజాల ఎముకల మధ్య అరచేతి మొదలుతో అయిదు దెబ్బలు. రాలేదు. వెనక నుంచి నడుము చుట్టూ చేతులు వేశాను. బొడ్డుకు పైన, పక్కటెముకలకు కింద పిడికిలి. దాని మీద రెండో చెయ్యి. లోపలికి, పైకి గుంజాను. ఒకటి. రెండు. రేకుల మీద మళ్లీ రాళ్లు పడ్డాయి. మూడోసారికి ఆయన ఒంట్లో ఏదో పటుక్కుమంది. ఆపలేదు. అయిదోసారికి బొక్కతో సహా కోడిముక్క ఎగిరి గోడకు తగిలింది. ఆయన ఊపిరి పీల్చిన చప్పుడు రాళ్ల మోతలోనూ వినిపించింది.

"పోస్టు, జవాబియ్యండి. ఎంతమంది?" రేడియో ఇంకా అడుగుతోంది.

హవల్దారు నేల మీది నుంచే రిసీవరు అందుకున్నాడు. "ఎనిమిది మందిమి," అన్నాడు బొంగురుగా. వాళ్లడిగింది గుంపు గురించి.

మూడింటికి మా సాయానికి ఇంకో ట్రక్కు వచ్చింది. లాఠీలు లేచాయి. నేనూ కొట్టాను. డైరీలో దాని గురించి ఒక్క వాక్యమే ఉంది. హవల్దారును చంద్రపూర్ ఆసుపత్రికి పంపాం. పక్కటెముక చిట్లిందన్నారు.

ఇరవై రెండోరోజు బస్సులో బామ్నికి తిరిగొచ్చాను. మరుసటేడు ఉద్యోగం మానేశాను. ఎవరైనా ఆ అల్లర్ల గురించి అడిగితే, గొంతుకు అడ్డం పడ్డప్పుడు ఏం చెయ్యాలో చెబుతాను. చప్పుడు వస్తే దగ్గనివ్వండి, రాకపోతే వెంటనే కొట్టండి, అంటాను. అవ్వ గురించి చెప్పను.

ఆరోజు ఆయనకు ఊపిరి వచ్చాక నేను వెనక్కి తిరిగి చూశాను. అవ్వ గడప దగ్గర కూలబడి ఉంది. పెదవి చీలి గడ్డం మీదుగా రక్తం కారుతోంది. నన్ను చూడటం లేదు. ఆయన్నే చూస్తోంది. "తమ్మునా బిడ్డా?" అంటోంది. చెయ్యి గాలిలోనే, ఆయన తల అక్కడే ఉన్నట్టు, మెల్లగా తడుతోంది.