రెండు రాహుకాలాల పొయ్యి

జనార్ధనరావు బాబాయి బ్యాంకు కంప్యూటర్లలో తేదీలు సరిచేయడానికి సింగపూర్ వచ్చాడు. 1999 దాటగానే పాత ప్రోగ్రాములు తికమకపడి కరెంటూ గ్యాసూ ఆగిపోతాయని ఆ రోజుల్లో చాలామంది భయపడేవారు. వాళ్లందరికంటే బాబాయే ఎక్కువ భయపడ్డాడు. ఆంగ్ మో కియోలో అద్దెకున్న ఇంటి పెరట్లో ఇటుకలతో పొయ్యి కట్టి, కట్టెల మీద రొట్టెలు కాల్చుకుందామన్నాడు.

"సరిచేసేది మీరే కదా, భయం దేనికి?" అంది ఉమ పిన్ని.

"నేనే కాబట్టి."

ఇంటి యజమాని లిమ్ ఒప్పుకున్నాడు గానీ పెరట్లోని పలకలు వాళ్ల నాన్న వేయించినవి. "వన్ టైల్ క్రాక్, యూ ఆల్ మూవ్ అవుట్ లా," అన్నాడు.

పిన్ని నాటిన కరివేపాకు చెట్టు అప్పటికే ఆమె ఎత్తు దాటింది. "ఇల్లు మారితే దాన్ని సూట్‌కేసులో పెట్టుకుపోతానా?" అంది బాబాయితో.

అందుకని పొయ్యి వేడి నేలకు దిగకూడదు. బాబాయి ఆర్కిడ్ మొక్కలమ్మే నర్సరీ నుంచి పెర్లైట్ బస్తా మోసుకొచ్చాడు. మరమరాల్లా తెల్లగా, తేలిగ్గా ఉండే గుళికలవి. వాటిని కాస్త సిమెంటుతో, కొద్ది నీళ్లతో కలిపి అడుగున మందంగా పరిస్తే, లోపలున్న గాలి వేడిని ఆపుతుందట. ఆదివారం మధ్యాహ్నం, కూతురికి చిన్నప్పుడు నీళ్లు పోసిన గుండ్రటి ప్లాస్టిక్ తొట్టిలో కలపడం మొదలుపెట్టాడు.

"అలా కుమ్మకండి, నలిగిపోతాయి. పులిహోర కలిపినట్టు కలపండి," అంది పిన్ని.

కలపడం అయింది. పరచబోతుంటే ఆమె గడియారం చూసింది.

"ఆగండి. నాలుగున్నర. రాహుకాలం."

"మొదలుపెట్టేశాంగా."

"కలపడం వంట. పరచడం శంకుస్థాపన."

బాబాయి కూర్చున్నాడు. కాసేపటికి ఆయనకో అనుమానం వచ్చింది. "ఉమా, మన క్యాలెండర్ విజయవాడది. అక్కడి నాలుగున్నరంటే ఇక్కడ ఏడు. రాహువు ఏ ఊరి టైము చూస్తాడంటావు?"

"రెండూ పాటిద్దాం," అంది పిన్ని.

ఆరింటికి మొదటి రాహుకాలం అయిపోయింది, వాన పట్టుకుంది. ఏడింటికి వాన ఆగింది, రెండోది వచ్చింది. అది అయ్యేసరికి బాగా చీకటిపడి, పరచడం రేపటికి వదిలేశారు.

తెల్లారేసరికి తొట్టిలోదంతా బిగుసుకుపోయింది. బాబాయి గునపం కోసం వెతుకుతుండగా లిమ్ వచ్చి, తొట్టిని బోర్లించి దాని అడుగు మీద చరిచాడు. తెల్లటి దిమ్మ దిబ్బరొట్టెలా ఊడిపడింది. దాన్ని ఒంటిచేత్తో లేపి చూశాడు.

"వా, సో లైట్. లైక్ దిస్ వన్ ఆ?"

"యెస్. ఇండియన్ మెథడ్," అన్నాడు బాబాయి.

దిమ్మను పలకల మీద పెట్టి, దానికి సరిపడా చిన్న పొయ్యే కట్టారు. బాగా ఆరాక, డిసెంబరులో మంట పెట్టారు. రొట్టె కాలుతుండగా లిమ్ చొక్కా విప్పి బోర్లా పడుకుని, దిమ్మ అంచున పలకకు చెంప ఆనించాడు. పిన్ని కరివేపాకు చెట్టు పక్కన నిలబడి ఆయన్నే చూస్తోంది. ఆయన ఎంతకీ లేవలేదు. నిద్రపోయాడేమోనని బాబాయి వంగి చూశాడు.

"కోల్డ్," అన్నాడు లిమ్ కళ్లు తెరవకుండానే. "యూ స్టే."

పిన్ని కరివేపాకు రెమ్మ తుంచి పచ్చడి తాలింపుకు లోపలికి వెళ్లింది. వచ్చేసరికి బాబాయి రొట్టె ముక్క చేత్తో పట్టుకుని గడియారం చూస్తున్నాడు.

"తినండి. ఇప్పుడు ఏ ఊళ్లోనూ రాహుకాలం లేదు," అంది.