తండ్రి పేరు అడిగితే

మా మేనత్త పోయిందన్న కబురు కంభం నుంచి వచ్చిన బండి మనిషి తెచ్చాడు. చెప్పేముందు చెంబుడు మజ్జిగ తాగాడు, ఎద్దులకు నీళ్లు పెట్టించాడు, మార్కాపురం ఎండను తిట్టాడు. ఆ తర్వాత తలగుడ్డ తీసి, "అవ్వ పోయింది అన్నా. పొయ్యేముందు కూడా పక్కింటామెకు పలక మీద తప్పులు దిద్దతానే ఉన్నింది" అన్నాడు. నాకు ఏడుపుకంటే ముందు నవ్వొచ్చింది. ఆమెను ఎరగనివారు నన్ను తప్పుపట్టకుండా, ఆమె ఎలాంటిదో నాలుగు మాటలు చెబుతాను.

ఆమె మా నాయనకు అక్క. చంద్రశేఖరపురం వైపు కాపురానికి పోయి మూడేళ్లకే పుట్టింటికి తిరిగొచ్చింది. మొగుడు వేరొకామెను తెచ్చుకున్నాడు. ఆ తర్వాత మా ఊళ్లో ఆమెకు పేరు లేకుండా పోయింది. బావి దగ్గరైనా కళ్లంలోనైనా 'మొగుడొదిలినామె' అంటే చాలు. కొన్నాళ్లకు ఎవరైనా అసలు పేరుతో పిలిచినా, వేరెవరినో పిలుస్తున్నారనుకుని పలికేది కాదట.

ఊరూరా తిరిగే క్రైస్తవ బోధకురాలు ఒకామె మా ఊరొచ్చి, దేవుడికి ప్రతి మనిషీ పేరుతో సహా తెలుసని చెప్పింది. మొగుడొదిలిన వాళ్లు కూడానా అని మా అత్త అడిగింది. వాళ్లే ముందు అని జవాబొచ్చింది. ఆ ఒక్క మాట మీద ఆరు నెలలు ఆలోచించి అత్త బాప్తిస్మానికి సిద్ధపడింది. తీరా ఆ ఏడాది గుండ్లకమ్మ ఏట్లో నీళ్లు చీలమండ దాటలేదు. మనిషి మొత్తం మునగాలని పాస్టరుగారు ఇసుక తవ్వించి గుంట చేయించాడు. ముంచితే కుడి భుజం పైనే ఉండిపోయింది. ఇదంతా ఆపుదామని వచ్చి గట్టున నిలబడ్డ మా తాత, అంటే ఆమె నాయన, భుజం తడవలేదు గనక ఇది చెల్లదని వాదించాడు. మళ్లీ ముంచితే మోకాళ్లు తేలాయి. మూడోసారికి విసుగొచ్చి ఆమే గుంటలో బోర్లా పడుకుంది. ఇక తాతకు వాదించడానికేమీ మిగల్లేదు.

ఆ తర్వాత మార్కాపురం కోర్టు సంగతి. మా పొరుగున ఉండే గొల్ల ముసలామె మేకను ఒక మోతుబరి తనదన్నాడు. ఆ మేక పుట్టినప్పుడు పక్కన ఉన్నది మా అత్తే గనక సాక్షిగా పిలిచారు. తోడుగా తాత కూడా పోయాడు. గుమాస్తా ఆమె పేరు రాసుకుని, ఎవరి భార్యవని అడిగాడు. ఆడవాళ్లు మొగుడి పేరు నోటితో చెప్పే రోజులు కావవి. ఆమెకైతే చెప్పాలన్న సరదా కూడా లేదు. పోనీ తండ్రి పేరు చెప్పమన్నాడు.

"దేవుడు" అన్నది.

ఆ పేరున్నవాళ్లు మా వైపు లేకపోలేదు. గుమాస్తా తలెత్తకుండా 'దేవుడు కుమార్తె' అని రాసి, ఊరేదని అడిగాడు. వెనక బల్లమీద కూర్చున్న తాత లేచి నిలబడ్డాడు.

"అయ్యా, నేను బతికే ఉండా" అన్నాడు.

కోర్టంతా నవ్వింది. అవతలి వకీలుకు పండగైంది. కన్నతండ్రి పేరే సరిగా చెప్పలేని మనిషి మేకను గుర్తుపడుతుందా అన్నాడు. అసలు నువ్వెవరివి అని గద్దించాడు. మా అత్త కొంగు సర్దుకుని అతని వైపు తిరిగింది.

"మొగుడు వదిలినాడు, దేవుడు వదల్లేదు. నేను ఆయన బిడ్డను. అబద్ధమాడితే ఆయన పేరు చెడతాది. అందుకని నాకు తెలిసినంతే చెప్తా."

మేక ఎడమ చెవి వెనక మచ్చ దాకా చెప్పింది. తెలియనిది అడిగితే తెలియదన్నది. జడ్జిగారికి ఆ తెలియదనడమే నచ్చిందట. మేక ముసలామెకు దక్కింది.

తాత మాత్రం నాలుగు రోజులు కూతురితో మాట్లాడలేదు. సద్ది పెడితే, పోయి ఆ నాయనకే పెట్టుకోమన్నాడు. అయిదో రోజు ఆమె ఎదురుగా కూర్చుంది.

"నాయనా, అందరూ వద్దన్నప్పుడు నన్ను ఇంట్లోకి రానిచ్చింది నువ్వు. నాయనంటే ఎట్లుంటాడో నిన్ను చూసే తెలుసుకుంటి. లేకుంటే దేవుణ్ణి నాయనా అనేదానికి నాకు నోరొచ్చేదా?"

తాత గడ్డం గోక్కున్నాడు. ఈసారి రాయించేటప్పుడు పక్కన తన పేరు కూడా రాయించమని, సద్ది ముంత దగ్గరికి లాక్కున్నాడు. తర్వాత ఎవరడిగినా, ఆ పిల్లకు నాయనలం మేమిద్దరం అని గొప్పగా చెప్పుకునేవాడు.

కొన్నేళ్లకు మొగుడొచ్చాడు. రెండో ఆమె చనిపోయింది, ఇంట్లో వండేవాళ్లు లేరు. అరుగుమీద కూర్చుని, నేనెవరో తెలుసా అన్నాడు.

"తెలుసు. నేనెవరో నీకే తెలీదు. కూచో, చెప్తా" అన్నది అత్త.

బైబిల్లోని సృష్టి మొదటి రోజు నుంచి మొదలుపెట్టింది. నోవహు ఓడ దాకా వచ్చేసరికి అతనికి ఆకలైంది. అన్నం పెట్టింది. అతను చెయ్యి కడుక్కోగానే ఓడ దగ్గర మళ్లీ అందుకోబోతే, చెప్పులు చేతపట్టుకుని పోయాడు. ఆ పూట ఆమె తలుపు మూసుకుని ఏడ్చిందని మా నాయన చెప్పాడు. ఎందుకని అడిగితే, అన్నం పెట్టకుండా పంపాలని ఇన్నేళ్లు అనుకున్నాను, తీరా చెయ్యి వినలేదు అన్నదట.

తర్వాత ఆమే బోధకురాలై, కంభంలో ఉంటూ, ఊళ్లు తిరిగి ఆడవాళ్లకు చదువు చెప్పింది. ఆమె దగ్గర చదువు అ ఆలతో కాదు, ఎవరి పేరుతో వాళ్లకు మొదలయ్యేది. కొనకనమిట్ల వైపు ఒక ముసలామె, అందరూ ఫలానావాడి అమ్మ అని పిలవగా పిలవగా తన పేరు మరిచిపోయి, రెండూళ్ల అవతల ఉన్న అన్నను అడిగి వచ్చింది. వచ్చాక, ఆ పేరు బాగుందని మురిసిపోయిందట.

మా అత్తకు రాగం రాదు. ఆమె నేర్పిన కీర్తనలన్నీ ఆ ఊళ్లలో ఆమె తప్పు రాగంలోనే పాడతారు. సమాధి దగ్గర పాస్టరుగారు సరైన రాగం ఎత్తుకున్నాడు. ఆ ఊళ్ల నుంచి వచ్చిన ఆడవాళ్లు మర్యాదకు ఒక చరణం ఆయనతో పాడారు. రెండో చరణానికి అందరూ ఆమె రాగంలోకి పోయారు, పాస్టరుగారూ వాళ్ల వెనకే పోయాడు. మన్ను పూడ్చాక, గంపలు నెత్తిన పెట్టుకుని, కంభం చెరువు కట్టమీద బారుగా నడిచిపోతూ కూడా అదే పాట. ముందున్నవాళ్లు మలుపు తిరిగి కనపడకుండా పోయినా, వెనకవాళ్లు అందుకుంటూనే ఉన్నారు.